ఐసు ఆఖరికి ఉంచుకోండి

(టెక్సాస్‌లో, ఇంట్లో బీరు తయారు చేసుకునే తెలుగు మిత్రుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మాల్ట్ గురించి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గురించి, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. నేను మాట్లాడబోయేది స్టవ్ ఆపిన తర్వాత, ఈస్ట్ వేసే ముందు గడిచే సమయం గురించి. పొద్దున్నుంచి నిలబడి నిలబడి కాళ్ళు లాగుతుంటాయి, గిన్నె నిండా మరిగిన వర్ట్, అంటే బీరు కాబోయే తీపి రసం ఉంటుంది, అది చల్లారదు. చాలా బీర్లు చెడిపోయేది ఆ గంటలోనే. అందుకే దాన్ని జాగ్రత్తగా చూడమని అడగడానికి వచ్చాను.

అసలు విషయానికి ముందు చట్టం సంగతి. ఇక్కడ అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి వీలు కల్పించే చట్టం మీద 1978 అక్టోబర్‌లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు, 1979 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. మిసిసిపి, అలబామా రాష్ట్రాలు ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. మన ఊళ్ళో సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టాల కింద నేరం. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ తమ్ముళ్ళకు, బావమరుదులకు చేసి చూపించాలని సరదా పడకండి.

వర్ట్ అంటే ఏమిటో కొత్తవాళ్ళ కోసం చెబుతాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని దంచి, 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడకట్టిన ఆ తీపి రసమే వర్ట్. దాన్ని హాప్స్ వేసి గంటసేపు మరిగిస్తాం. మన కల్లుకు ఈ బాధ లేదు. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో లొట్టిలోకి దిగినది తనంతట తానే పులుస్తుంది, దాన్ని ఎవరూ పొయ్యి మీద పెట్టరు. బీరును మరిగిస్తాం కాబట్టే చల్లార్చాల్సి వస్తుంది. బీర్లలో ఏల్, లాగర్ అని రెండు పెద్ద రకాలు. ఏల్ రకాల ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు కావాలి, లాగర్ అయితే 10 దగ్గరికి రావాలి. నేను సెల్సియస్‌లోనే చెబుతున్నాను. మీ థర్మామీటర్ ఫారెన్‌హీట్‌ది అయితే 68 అంటే మన 20 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

దాని మానాన దాన్ని వదిలేస్తే రేపటికి చల్లారుతుంది కదా, తొందరెందుకు అని అడగొచ్చు. తొందరకు కారణాలున్నాయి. అన్నిటికంటే పెద్దది బ్యాక్టీరియా. మరిగేటప్పుడు వర్ట్‌లో పెరిగే క్రిములు చచ్చిపోతాయి. 60 డిగ్రీల కిందికి దిగాక అదే వర్ట్ గాలిలో తిరిగే ప్రతి క్రిమికీ విందుభోజనం. చక్కెర ఉంది, ఇంకా ఆల్కహాల్ లేదు, పోటీకి ఈస్ట్ కూడా లేదు. హాప్స్ కొన్ని రకాల బ్యాక్టీరియాను ఆపుతాయి గానీ అన్నిటినీ ఆపలేవు. 60 నుంచి 25 వరకు ఉన్న ఈ మెట్టును ఎంత త్వరగా దాటితే అంత మంచిది.

రెండోది వాసన. లేత రంగు మాల్ట్‌లో, ముఖ్యంగా పిల్స్‌నర్ మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడికి విడిపోయి డైమిథైల్ సల్ఫైడ్‌గా మారుతుంది. అది ఉడికించిన మొక్కజొన్న వాసన వేస్తుంది. మరుగుతున్నంతసేపు ఆవిరితో పాటు పైకి పోతుంది. స్టవ్ ఆపాక కూడా, వర్ట్ 80 డిగ్రీలకు పైన ఉన్నంతసేపు అది పుడుతూనే ఉంటుంది, పోయే దారి మాత్రం తగ్గిపోతుంది. అందుకే స్టవ్ ఆపగానే మూత పెట్టేయకండి. 80 కిందికి దిగాక పెట్టండి. ఆ 80కి పైనే హాప్స్ చేదు కూడా దిగుతూ ఉంటుంది. సువాసన కోసం ఆఖర్లో వేసిన హాప్స్ చల్లారేలోపు చేదుగా మారిపోతాయి, అసలు కావాల్సిన వాసన గాలిలో కలుస్తుంది. ఇక త్వరగా చల్లారిస్తే కొన్ని ప్రోటీన్లు గడ్డకట్టి అడుగుకు చేరతాయి, బీరు తేటగా వస్తుంది. తేటదనం నాకు పెద్ద పట్టింపు కాదు. మొదటి రెండూ పట్టించుకోవాల్సినవే.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. ఈ లెక్క అర్థమైతే మిగతా ఉపన్యాసం మీరే చెప్పగలరు.

మనం సాధారణంగా చేసేది 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. దాన్ని 100 నుంచి 20కి దించాలంటే సుమారు 6,300 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. కరిగిన నీళ్ళు ఇంకాస్త వేడెక్కడాన్ని కూడా కలుపుకుంటే దాదాపు 400. అంటే మొత్తం పని ఐసుతోనే చేయించాలంటే 16 కిలోలు కావాలి. షాపులో దొరికే 10 పౌండ్ల సంచులు దాదాపు నాలుగు. అది కూడా ఒక్క చుక్క చల్లదనం వృథా కాకపోతే. మొదటిసారి బ్రూ చేసేవాళ్ళు రెండు సంచులు కొనుక్కొచ్చి, సింకులో పోసి, మరుగుతున్న గిన్నెను అందులో దించుతారు. ఐసు చూస్తుండగానే కరిగిపోతుంది. వర్ట్ మాత్రం 60 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

అదే వర్ట్‌ను ముందు పంపు నీళ్ళతో 40 వరకు దించారనుకోండి. బయటికి పోవాల్సిన వేడిలో నాలుగింట మూడు వంతులు అప్పటికే పోయింది. మిగిలింది 1,600 కిలోజౌళ్ళు. దానికి 4 కిలోల ఐసు చాలు, నష్టాలు కలుపుకుంటే 5 లేదా 6 కిలోలు. వేడి వస్తువు, చల్లని వస్తువు మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే వేడి అంత వేగంగా దిగుతుంది. వర్ట్ 100 దగ్గర ఉన్నప్పుడు 30 డిగ్రీల పంపు నీళ్ళు కూడా దానికి చన్నీళ్ళే. 35 దగ్గరికి వచ్చాక ఆ పంపు నీళ్ళకు చేతనయ్యేది ఏమీ లేదు, అప్పుడు ఐసు పని మొదలవుతుంది. డబ్బు పెట్టి కొన్న చల్లదనాన్ని ఆఖరికి ఉంచుకోండి. ఇవాళ మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతా పద్ధతులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

నీళ్ళ తొట్టి పద్ధతి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఏమీ కొనక్కర్లేదు. సింకు గానీ బాత్‌టబ్ గానీ చాలు. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మీ దగ్గర 30 డిగ్రీల పంపు నీళ్ళు 60 లీటర్లు ఉన్నాయనుకోండి. మొత్తం ఒకేసారి టబ్‌లో పోసి గిన్నె దించితే, రెండూ సమానమయ్యేసరికి వర్ట్ 47 దగ్గర ఆగుతుంది. అవే 60 లీటర్లను 20 చొప్పున మూడుసార్లు వాడండి. మొదటి 20 లీటర్లకు వర్ట్ 64కు వస్తుంది. వేడెక్కిన ఆ నీళ్ళు తీసేసి రెండో 20 పోస్తే 47. మూడో 20తో 38. నీళ్ళు అవే, దాదాపు తొమ్మిది డిగ్రీలు అదనంగా దిగాయి. అందుకే పెద్ద టబ్ నిండా నింపడం కంటే, గిన్నె పట్టేంత చిన్న తొట్టిలో నీళ్ళు మార్చడం మేలు. ఆ తర్వాత నాలుగోసారి పోసే నీళ్ళలో ఐసు వేయండి.

నీళ్ళు మార్చినంత మాత్రాన సరిపోదు, రెండు వైపులా కదలిక ఉండాలి. చిన్నప్పుడు అమ్మ వేడిపాల గ్లాసును చన్నీళ్ళ గిన్నెలో పెట్టి తిప్పుతూ ఉండేది గుర్తుందా? అదే సూత్రం. కదలకుండా ఉంటే గిన్నె గోడకు ఆనుకున్న కాస్త వర్ట్ మాత్రమే చల్లబడుతుంది, మధ్యలో ఉన్నది అలాగే సలసలా ఉంటుంది. బయటి నీళ్ళ సంగతీ అంతే, గిన్నె చుట్టూ వేడినీళ్ళ పొర ఒక దుప్పటిలా పట్టి ఉంటుంది. లోపల స్టీలు గరిటెతో నెమ్మదిగా, గుండ్రంగా తిప్పండి. బయట నీళ్ళను చేత్తో కదపండి. చెక్క గరిటె వద్దు, దాని పగుళ్ళలో ఏముంటుందో మనకు కనిపించదు. వర్ట్ వేడిగా ఉన్నప్పుడు నురగ వచ్చేలా చిలకకండి కూడా. ఈస్ట్‌కు గాలి అవసరమే, అది 25 కిందికి వచ్చాక ఇద్దాం. కలిపేటప్పుడు పైన ఫ్యాన్ ఆపేయండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూడండి, దాంతో పాటు దుమ్మూ వస్తుంది. గరిటెను వేడి వర్ట్‌లోనే కాసేపు ఉంచితే అది శుభ్రమైపోతుంది. బయటికి తీసి మళ్ళీ పెట్టాల్సి వస్తే పాత్రలకు వాడే శానిటైజర్‌లో ముంచి పెట్టండి.

తొట్టి పద్ధతిలో నన్ను భయపెట్టేది ఇన్ఫెక్షన్ కంటే కాలడం. 19 లీటర్ల మరిగిన చక్కెర నీళ్ళను గ్యారేజ్ నుంచి బాత్‌రూమ్‌కు మోసుకెళ్ళడం చిన్న పని కాదు. మామూలు నీళ్ళు పడితే జారిపోతాయి, వర్ట్ చర్మానికి అతుక్కుంటుంది. దయచేసి ఒక్కరే మోయకండి. ఇద్దరు పట్టుకోండి, బూట్లు వేసుకోండి, దారిలో పిల్లలూ కుక్కలూ లేకుండా తలుపులు వేయండి. ఇంకా మంచిది ఏమిటంటే, గిన్నెను కదపకుండా తొట్టినే గిన్నె దగ్గరికి తెచ్చుకునేలా ముందే ఏర్పాటు చేసుకోవడం. ఇంటి వెనక స్టవ్ పక్కనే ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్, హోస్ పైపు ఉంటే గిన్నెను కదపాల్సింది ఒక్క అడుగే.

కొందరు ఐసులో ఉప్పు కలుపుతారు. ఉప్పు కలిపిన ఐసు సున్నా కంటే బాగా కిందికి పోతుంది, సరైన పాళ్ళలో ఉంటే మైనస్ 21 వరకు. వినడానికి బాగుంటుంది. కానీ ఆఖరి పది డిగ్రీల దగ్గర మనకు తక్కువ పడేది చల్లదనం కాదు, కదలిక. ఉప్పు డబ్బాతో పాటు గరిటె కూడా చేతిలో ఉంటే ఉప్పు వాడండి, లేదంటే గరిటె ఒక్కటే చాలు.

ఇక వర్ట్‌లోకే చల్లదనం దించే పద్ధతులు. ఇక్కడే ప్రమాదాలు ఎక్కువ. నీళ్ళ బాటిల్‌ను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన శానిటైజర్ కొట్టి వర్ట్‌లో వదలడం చాలామందికి తెలిసిన చిట్కా. పని చేస్తుంది. కానీ మామూలు నీళ్ళ బాటిల్ ప్లాస్టిక్ 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మరిగిన వర్ట్‌లో వేస్తే ముడుచుకుపోయి పగులుతుంది. లేబుల్ కింద జిగురు, మూత గాడుల్లో మురికి ఉంటాయి. వాడాలనుకుంటే లేబుల్ పూర్తిగా ఊడదీసి, మూత దగ్గర బ్రష్‌తో రుద్ది, వర్ట్ 40 కిందికి వచ్చాకే వేయండి. స్టీలు ఫ్లాస్కు లాంటి డబ్బాను ఎంచుకోవద్దు, రెండు గోడల మధ్య శూన్యం వేడిని ఆపడానికే ఉంటుంది. ఒకే గోడ ఉన్న స్టీలు క్యారేజీ గిన్నె అయితే చక్కగా పని చేస్తుంది. మూత బిగుతుగా ఉండాలి, లోపల నీళ్ళు గడ్డకట్టి ఉబ్బడానికి చోటు వదలాలి.

దీనికంటే నాకు నచ్చిన పద్ధతి తక్కువ నీళ్ళతో మరిగించి, తర్వాత చన్నీళ్ళు కలపడం. పెద్ద గిన్నె లేనివాళ్ళకు ఇది వరమే. 19 లీటర్లకు సరిపడే మాల్ట్ చక్కెరను 10 లీటర్లలో మరిగించండి. ముందు రోజు రాత్రే 9 లీటర్ల నీళ్ళు విడిగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి. బ్రూ రోజున 10 లీటర్ల వర్ట్‌ను తొట్టిలో 35కు దించండి. పరిమాణం సగమే కాబట్టి అది సులువే. అందులో 4 డిగ్రీల నీళ్ళు 9 లీటర్లు పోస్తే మొత్తం సరిగ్గా 20 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. అదే నీళ్ళు మరిగిన వర్ట్‌లో తొందరపడి పోస్తే 54 దగ్గర ఆగుతుంది, ఇంకా ఎంతో దూరం మిగిలి ఉంటుంది. చల్లదనాన్ని ఆఖరికి దాచుకోమన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుందని గమనించండి. నష్టాలూ ఉన్నాయి. చిక్కటి వర్ట్‌లో హాప్స్ చేదు తక్కువ దిగుతుంది, రంగు కాస్త ముదురుతుంది. చాలా లేత బీరు చేయాలనుకుంటే ఈ దారి అంత నప్పదు. గోధుమరంగు ఏల్‌కో, స్టౌట్ లాంటి నల్లటి బీరుకో ఏ ఇబ్బందీ ఉండదు.

బ్రూ చేయడం కొనసాగించాలనుకున్నవాళ్ళు రాగి గొట్టం చుట్ట చేసుకోండి. హోమ్ డిపో లాంటి హార్డ్‌వేర్ షాపులో మెత్తటి రాగి గొట్టం చుట్టలుగా దొరుకుతుంది. 3/8 అంగుళం వ్యాసం, 25 అడుగుల పొడవు అయితే మొదలుపెట్టడానికి సరిపోతుంది, 50 అయితే ఇంకా మంచిది. ఒక చిన్న గిన్నె చుట్టూ తొందరపడకుండా చుడితే నలగకుండా వంగుతుంది. రెండు చివరలకు ప్లాస్టిక్ పైపులు బిగించి, ఒకటి పంపుకు, ఒకటి బయటికి. మరుగుతున్న వర్ట్‌లో ఆఖరి పావుగంట ముంచి ఉంచితే చుట్ట శుభ్రమైపోతుంది. స్టవ్ ఆపి పంపు తిప్పితే నీళ్ళు చుట్టలో తిరిగి వేడిని మోసుకుపోతాయి. రాగి స్టీలు కంటే వేడిని చాలా బాగా పంపుతుంది, నిజమే. కానీ గొట్టం గోడ పలచన కాబట్టి స్టీలుదైనా పెద్ద తేడా రాదు. తేడా తెచ్చేది చుట్టను నెమ్మదిగా ఆడిస్తూ ఉండటమే. చుట్టను వర్ట్‌లో పడేసి కుర్చీలో కూర్చుంటే, కూర్చున్నంతసేపూ మీ నీళ్ళు కాలువపాలు.

చుట్టతో రెండు జాగ్రత్తలు. పైపు బిగింపులు గిన్నె అంచు దాటి బయట ఉండాలి. బిగింపు దగ్గర కారే పంపు నీళ్ళు చల్లారిన వర్ట్‌లో చుక్కచుక్కగా పడితే మీ శుభ్రతంతా వృథా. రెండోది, వాడిన తర్వాత చుట్టలో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటితోనే మరిగే వర్ట్‌లో ముంచితే ఆవిరి చేరి పైపు చివర నుంచి వేడినీళ్ళు చిమ్ముతాయి. ఊది ఖాళీ చేయండి, చివరను బకెట్ వైపు తిప్పి పెట్టండి.

ఇక మన టెక్సాస్ బాధ. జనవరిలో పంపు నీళ్ళు చల్లగానే వస్తాయి, ఈ ఉపన్యాసం అవసరం లేదు. జూలై, ఆగస్టుల్లో పంపు తిప్పితే వచ్చేది గోరువెచ్చటి నీళ్ళు. తెల్లవారుజామున లేచి బ్రూ చేసినా లాభం లేదు, పైపులు ఉన్న నేలే వేడెక్కి ఉంటుంది. అలాంటప్పుడు ఎంత మంచి రాగి చుట్ట అయినా 33, 34 దగ్గర ఆగిపోతుంది. దీనికి మంచి ఉపాయం, తోటల ఫౌంటెన్‌లలో వాడే చిన్న నీటి పంపు. ముందు కుళాయి నీళ్ళతో 40 వరకు దించండి. ఆ తర్వాత కుళాయి కట్టేసి, ఐసు నీళ్ళు పోసిన ఐస్ కూలర్‌లో ఆ చిన్న పంపును ముంచి, దాని నుంచి చుట్టలోకి, చుట్ట నుంచి మళ్ళీ కూలర్‌లోకి నీళ్ళు తిప్పండి. రెండు సంచుల ఐసు మొత్తం వర్ట్ మీదే పని చేస్తుంది. తిరిగొచ్చే నీళ్ళను నేరుగా ఐసు మీద పోసేలా పెడితే ఇంకా మంచిది. మొదటి నిమిషం నుంచే దీన్ని పెడితే మాత్రం ఐసు మాయం, కూలర్ నిండా వేడినీళ్ళు.

నీళ్ళ వృథా గురించి ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. చుట్ట నుంచి మొదట వచ్చేవి బాగా వేడినీళ్ళు. వాటిని బకెట్లలో పట్టుకుంటే గిన్నెలు కడగడానికి అవే. తర్వాత వచ్చేవి కరివేపాకు మొక్కకు, తులసికి, వేడి తగ్గాకే. వేసవిలో తోటకు నీళ్ళు పెట్టడం మీద ఆంక్షలున్న ఊళ్ళో ఉంటూ, బీరు చల్లార్చడానికి కుళాయి వదిలేయడం న్యాయం కాదు.

కరువు నుంచే పుట్టిన పద్ధతి ఒకటి ఆస్ట్రేలియాలో బాగా వాడుకలో ఉంది. అసలు చల్లార్చనే చల్లార్చరు. వేడివేడి వర్ట్‌ను ఆహారానికి పనికొచ్చే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నింపి, గాలి పోయేలా నొక్కి, మూత బిగించి, డబ్బాను పడుకోబెడతారు. వేడి వర్టే లోపలి గోడలను శుభ్రం చేస్తుంది. మర్నాటికి అదే చల్లారుతుంది. నీళ్ళు పొదుపు, నడుము నొప్పి లేదు. డబ్బా మాత్రం మరిగే వేడిని తట్టుకునే రకమే కావాలి, ఏదో ఒక బకెట్ కాదు. గాజు సీసా అయితే అసలే వద్దు, వేడి తగిలి పగిలితే కాళ్ళు తెగుతాయి. హాప్స్ లెక్క కూడా మార్చుకోవాలి. ఆఖరి నిమిషాల్లో వేసేవి డబ్బాలో వేడిగా ఉండి ఇంకా చేదెక్కుతాయి కాబట్టి చేదు కోసం ముందు వేసేవి తగ్గించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బాను నెలల తరబడి దాచకండి. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు. గాలి లేని చోట, పులుపు తక్కువ ఉన్న ద్రవంలో అవి మేల్కొంటాయి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వర్ట్ పీహెచ్ 5కు కాస్త పైనే ఉంటుంది, భద్రం అనుకునే 4.6 కంటే ఎక్కువ. చల్లారిన మర్నాడే ఈస్ట్ వేసేయండి. ఈస్ట్ పని మొదలుపెడితే పీహెచ్ తానే దిగుతుంది.

ఇంకో దారి నార్వే నుంచి వచ్చింది. అక్కడి పశ్చిమ ప్రాంతపు పల్లెల్లో రైతులు తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35 నుంచి 40 డిగ్రీల దగ్గర కూడా చెడు రుచులు తేకుండా పులియబెడుతుంది. వోస్ ప్రాంతపు క్వైక్ ఇప్పుడు ఇక్కడి దుకాణాల్లో పొడిగా దొరుకుతోంది. ఆగస్టులో బ్రూ చేయాలనే పట్టుదల ఉన్నవాళ్ళకు నా సలహా ఇదే. పంపు నీళ్ళతో 36కు దించండి, క్వైక్ వేయండి, ఐసు జోలికే పోకండి. కాస్త నారింజ వాసన వస్తుంది, లేత ఏల్‌కు అది బాగుంటుంది. ఇప్పటి బ్రూయింగ్‌లో మనలాంటి వేడి ప్రాంతాలవాళ్ళకు ఇంతకంటే పెద్ద మేలు జరగలేదని నేను నమ్ముతాను.

ఇదంతా కొత్త సమస్య కాదు. బవేరియాలో 1553లో డ్యూక్ అయిదో ఆల్బ్రెక్ట్ ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు చేయడాన్నే నిషేధించాడు, వేసవిలో చేసిన బీరు చెడిపోతోందని. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రం తయారు చేసి మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీలో పెట్టాకే ఆ బాధ తీరే దారి దొరికింది. బెల్జియంలో మాత్రం ఇప్పటికీ వెడల్పాటి, లోతు తక్కువ రాగి తొట్టెల్లో వర్ట్‌ను రాత్రంతా తెరిచిపెట్టి చల్లారుస్తారు. బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ బ్రూవరీ అలాగే లాంబిక్ అనే పుల్లటి బీరు చేస్తుంది. గాలిలోని ఈస్టే వచ్చి పడాలని వాళ్ళ ఉద్దేశం. అది చలికాలంలోనే చేస్తారు, ఏళ్ళ తరబడి పీపాల్లో ఉంచుతారు. మన పెరట్లో జూన్‌లో మూత తీసి పెడితే వచ్చేది లాంబిక్ కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ఆయన అడుగుతున్నారు, షాపు ఐసు నేరుగా వర్ట్‌లో వేస్తే ఏమవుతుందని. చాలాసార్లు ఏమీ కాదండి, కొన్నిసార్లు మొత్తం పారబోయాల్సి వస్తుంది. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, నిద్రపోతాయి అంతే. వేయాలనుకుంటే నీళ్ళు మరిగించి, శానిటైజ్ చేసిన మూత డబ్బాలో మీరే గడ్డకట్టించుకోండి. ఆ నీళ్ళను ముందే 19 లీటర్ల లెక్కలో కలుపుకోండి, లేకపోతే బీరు పలచబడుతుంది.

వెనక నుంచి అక్కయ్య అడిగినది మంచి ప్రశ్న. అన్నీ చేశాం, 27 దగ్గర ఆగింది, రాత్రి పదకొండయింది, ఈస్ట్ వేసేయొచ్చా? మామూలు ఏల్ ఈస్ట్ అయితే వేయొద్దండి. ఈస్ట్ పని మొదలుపెట్టాక దానికదే వేడి పుట్టిస్తుంది, 27 కాస్తా 30 దాటుతుంది. అప్పుడు తయారయ్యే ఘాటు ఆల్కహాల్ వాసన నెలరోజులు నిల్వ ఉంచినా పోదు. ఆ సమయానికి మీ వర్ట్ 60 నుంచి 27 దాకా వచ్చి, అపాయకరమైన మెట్టును దాదాపు దాటేసింది. శానిటైజ్ చేసిన డబ్బాలోకి మార్చి, గట్టిగా మూతపెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి పడుకోండి. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే బాత్‌టబ్‌లో నాలుగు అంగుళాల నీళ్ళు పోసి, డబ్బాకు తడి టవల్ చుట్టి, రెండు ఐసు బాటిళ్ళు పక్కన పెట్టండి. పొద్దున థర్మామీటర్ చూసి, 20 ఉంటే, డబ్బాను బాగా ఊపి గాలి పట్టించి, అప్పుడు ఈస్ట్ వేయండి. ఎనిమిది గంటలు ఆగడానికి భయపడకండి. శుభ్రంగా ఉన్నంతవరకు ఆ రాత్రి మీ బీరుకు ఏమీ కాదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, పెరడు లేదు, బయట కుళాయి లేదు అంటున్నారు. ముందు 5 గ్యాలన్లు మానేసి 2 గ్యాలన్లు చేయండి. ఏడున్నర లీటర్లు అంటే వేడి కూడా సగానికంటే తక్కువ, గిన్నె బరువు ఒక్కరు మోయగలిగినంతే, మామూలు వంటింటి సింకులో పట్టేస్తుంది. మూడుసార్లు నీళ్ళు మార్చండి, నాలుగోసారి ఫ్రిజ్‌లోని ఐసు ట్రేలన్నీ అందులో ఖాళీ చేయండి, గరిటె ఆపకండి. దానికి చల్లార్చే పరికరం ఏదీ కొనాల్సిన పని లేదు.